గాజుతొట్టి నుంచి చెరువుకు: నెల్లూరు నీళ్లలో క్రేఫిష్ భయం వెనుక కథ

ప్రపంచంలో 600కు పైగా క్రేఫిష్ జాతులున్నాయి. వాటిలో ఒక్కటి కూడా భారత ఉపఖండానికి చెందినది కాదు. రొయ్యలాంటి ఒళ్లు, ఎండ్రకాయకు ఉన్నట్టు బలమైన డెక్కలు ఉండే ఈ మంచినీటి జీవులు ఎక్కువగా ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియాల సొత్తు. అలాంటప్పుడు నెల్లూరు, ప్రకాశం జిల్లాల రైతుకు వీటితో పనేమిటి? ఎర్రవి, నీలివి ఇప్పుడు రంగు చేపల వ్యాపారంలో తిరుగుతున్నాయి. ఆ వ్యాపారానికి పేరుపడ్డ చెన్నై కొళత్తూరు నెల్లూరుకు ఎంతో దూరం లేదు. అంతకన్నా పెద్ద కారణం మరొకటుంది. బయటి నుంచి జీవి గానీ రోగం గానీ వస్తే ఏమవుతుందో ఈ తీరం అనుభవించి తెలుసుకుంది.

ముందు యూరప్‌లో జరిగింది చూద్దాం. 1859లో ఇటలీ నదుల్లో క్రేఫిష్‌లు కుప్పలుగా చచ్చిపోయాయి. అఫనోమైసిస్ అస్టాకి అనే బూజులాంటి సూక్ష్మజీవి అందుకు కారణమని, దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా అని తర్వాత తేలింది. అమెరికా జాతులు దాన్ని పెంకులో మోస్తూనే మామూలుగా బతికేస్తాయి. యూరప్ జాతులకు సోకితే మాత్రం కొద్ది వారాల్లో చెరువు ఖాళీ అయిపోతుంది. 1907లో అది స్వీడన్ చేరింది. ఏటా ఆగస్టులో ఇంటిల్లిపాదీ క్రేఫిష్ విందు చేసుకునే దేశం అది. ఉన్నవి పోతుంటే ఊరుకోలేక 1960లో కాలిఫోర్నియా నుంచి సిగ్నల్ క్రేఫిష్‌ను తెప్పించారు. తెగులును తట్టుకుంటుందన్న ఆశతో దాన్ని చెరువుల్లో వదిలారు. అది తట్టుకుంది నిజమే, కానీ తెగులును వెంట మోసుకొచ్చింది. కొత్త జీవి చేరిన చోట మిగిలి ఉన్న దేశవాళీ క్రేఫిష్ కూడా అంతరించింది.

మన దగ్గర జరిగింది కూడా దాదాపు ఇదే వరుసలో జరిగింది. 1990ల ఆరంభంలో టైగర్ రొయ్య మీద ఆశతో నెల్లూరు తీరాన వరి కయ్యలు గుంటలుగా మారాయి. అంతలోనే, 1992 ప్రాంతంలో తూర్పు ఆసియాలో బయటపడిన తెల్లమచ్చ వైరస్ 1994 చివరికల్లా మన తూర్పు తీరానికి వచ్చింది. మేత మానేసిన రొయ్యలు గట్టు వారకు చేరతాయి. తల మీది పెంకు ఊడదీసి వెలుగుకు పట్టి చూస్తే లోపల తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు కనిపించాక గుంట మొత్తం పోవడానికి వారం పది రోజులు చాలు. అప్పులు చేసి దిగిన కుటుంబాలు ఆ దెబ్బకు ఎంత కుంగిపోయాయో నెల్లూరులో ఎవరినడిగినా చెబుతారు. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది.

టైగర్‌తో నష్టపోయిన రైతుల్లో కొందరు మంచినీటి నీలకంఠ రొయ్యకు మళ్లారు. కొన్నేళ్లు బాగానే నడిచింది. తర్వాత తెల్లతోక వ్యాధి హేచరీల్లో పిల్లలను తుడిచిపెట్టింది. ఆ వైరస్‌ను కూడా మొదట గుర్తించింది ఎక్కడో వెస్టిండీస్‌లోని గ్వాడెలూప్ దీవిలో. చివరకు 2009లో కేంద్రం వెనామీ సాగుకు అనుమతినిచ్చింది. పసిఫిక్ తీరపు అమెరికా రొయ్య అది. స్వీడన్ చేయని పని మనం చేసింది ఇక్కడే. రోగాలు లేవని పరీక్షించిన తల్లి రొయ్యలను మాత్రమే రానిచ్చారు. వాటిని చెన్నై క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, మళ్లీ పరీక్షించాకే హేచరీలకు ఇచ్చారు. గుంట గట్టు మీద ఎండ్రకాయలు పాకి రాకుండా పొట్టి కంచె, పక్షులు వాలకుండా పైన తీగలు ఉండాలన్న నిబంధనలు కూడా వచ్చాయి. ఎండ్రకాయలు తెల్లమచ్చ వైరస్‌ను మోస్తాయి గనుకే ఆ కంచె. రోగాలు పూర్తిగా ఆగలేదు, కానీ ఈ కట్టుబాటు లేకపోతే పరిస్థితి ఇంకా ఘోరంగా ఉండేదని నా గట్టి నమ్మకం.

ఇంత పకడ్బందీగా కట్టిన తలుపు గాజుతొట్టి ముందు మాత్రం బార్లా తెరిచి ఉంది. లూసియానా ఎర్ర క్రేఫిష్‌కు తెల్లమచ్చ వైరస్ ఎంత తేలిగ్గా సోకుతుందంటే, ప్రయోగశాలల్లో ఆ వైరస్‌ను అధ్యయనం చేయడానికి దాన్నే వాడతారు. 2007లో అమెరికా లూసియానాలోని క్రేఫిష్ చెరువుల్లోనూ ఆ రోగం బయటపడింది. వెనామీని తక్కువ ఉప్పు నీటిలో, తీరానికి లోపలి ఊళ్లలో కూడా పెంచుతున్న జిల్లాలో ఇలాంటి జీవి కాలువలో చేరితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

నీలకంఠ రొయ్యతో పోల్చి చూస్తే ప్రమాదం ఇంకా బాగా తెలుస్తుంది. నీలకంఠ పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీరు కావాలి. అందుకే గుడ్లతో ఉన్న తల్లి పెన్న ముఖద్వారం వైపు దిగుతుంది, పెరిగిన పిల్లలు మళ్లీ ఎదురీది పైకి వస్తాయి. ఆ దారిలో నెల్లూరు, సంగం ఆనకట్టలు 19వ శతాబ్దంలోనే లేచాయి, తర్వాత పైన సోమశిల వచ్చింది. క్రేఫిష్‌కు సముద్రంతో పనే లేదు. తల్లి తోక కింద గుడ్లు గుత్తిగా అంటుకుని ఉంటాయి. పొదిగిన పిల్ల చిన్న క్రేఫిష్‌గానే బయటికొచ్చి కొన్నాళ్లు అక్కడే వేలాడుతుంది. అంటే ఊరి చెరువు ఒక్కటి చాలు, అది తరతరాలుగా పెరుగుతుంది. 1990లలో జర్మనీ ఆక్వేరియంలలో బయటపడ్డ పాలరాతి మచ్చల క్రేఫిష్‌కైతే మగ కూడా అక్కర్లేదు. ఒక్క ఆడది మందను పుట్టిస్తుంది. మడగాస్కర్‌లో ఇప్పుడు అది వరి పొలాల్లో తిరుగుతోంది.

వరి సంగతి నెల్లూరు వాళ్లు మరీ పట్టించుకోవాలి. ఎర్ర క్రేఫిష్‌ను 1973-74లో స్పెయిన్‌లోకి తెచ్చి గ్వాదల్‌క్వివిర్ నది పక్క చిత్తడి నేలల్లో వదిలారు. అది లేత నారును కొరికింది, గట్లకు బొరియలు తవ్వి నీళ్లు పోగొట్టింది. చెరువు ఎండితే అదే బొరియలో తడి పట్టుకుని బతికింది. పట్టి అమ్మితే డబ్బులొచ్చాయి, దాంతో దాన్ని వదిలించుకోవడం ఇంకా కష్టమైంది.

అన్ని క్రేఫిష్‌లూ ఇంత మొండివి కావు. సిగ్నల్ క్రేఫిష్ చల్లటి నీటి జీవి, మన వేసవిలో నిలవడం కష్టం. భయమంతా ఎర్రది, పాలరాతి మచ్చలది, ఉత్తర ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఆఫ్రికాలో కరీబా జలాశయం దాకా పాకిన రెడ్‌క్లా వంటి వేడి తట్టుకునే వాటితోనే. ఇంకో మాట మరవకూడదు. సొంత నీళ్లలో క్రేఫిష్ జాతుల్లో దాదాపు మూడో వంతు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. తప్పు జీవిది కాదు, దాన్ని చోటు మార్చే మనిషిది.

తొట్టి నుంచి చెరువుకు దారి ఎంత దగ్గరో సక్కర్ చేప చూపించింది. అద్దానికి పట్టిన పాచి తింటుందని కొన్నారు, పెద్దదయ్యాక తెచ్చి నీళ్లలో వదిలేశారు. ఇప్పుడది ఆంధ్ర జలాశయాల్లో వలలు చింపుతోంది. యూరోపియన్ యూనియన్ 2016లోనే ఐదు క్రేఫిష్ జాతులను నిషిద్ధ జాబితాలో చేర్చి అమ్మకం, పెంపకం ఆపింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ కూడా ఇలాంటి జీవుల దిగుమతిని, అమ్మకాన్ని, పెంపకాన్ని కట్టడి చేసే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. క్రేఫిష్‌ల విషయంలో ఆ అధికారాన్ని వాడమని అడగాల్సింది ముందుగా మనమే. ఈలోగా జిల్లాలో చేయగలిగిన పని ఒకటుంది. జీవి కంటబడకపోయినా, నీటిలో అది వదిలిన డీఎన్‌ఏ ఆనవాళ్లను బట్టి ఉనికిని పసిగట్టే పరీక్షలు వచ్చాయి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు సక్కర్ చేపను ఆ పద్ధతిలో వెతికారు. నెల్లూరు చెరువు, కనిగిరి రిజర్వాయరు, కండలేరు నీటి నమూనాలను ఏడాదికొకసారి అలా పరీక్షిస్తే, చేయి దాటకముందే సంగతి తెలుస్తుంది.