వెబ్ యాప్‌లో రీయూజబుల్ టేబుల్: అపోహలు - వాస్తవాలు

"ప్రతి స్క్రీన్‌కీ కొత్తగా టేబుల్ రాస్తున్నాం, ఒక్కసారి గట్టిగా చేసి పెట్టుకుందాం." ఫ్రంటెండ్ టీమ్‌లో ఏదో ఒక రోజు ఈ మాట వస్తుంది. మాట మంచిదే. ఆ పని కొన్ని ప్రాజెక్టుల్లో నేనూ చేశాను. అప్పుడు నేను నమ్మినవీ, కొత్తగా చేరినవాళ్లు ఇప్పటికీ నమ్ముతున్నవీ కొన్ని రాస్తున్నాను.

అపోహ: ప్రాప్స్ ఎన్ని ఉంటే టేబుల్ అంత ఫ్లెక్సిబుల్.

ప్రాప్స్ అంటే టేబుల్‌ను వాడే స్క్రీన్ దానికి బయటి నుంచి ఇచ్చే సెట్టింగులు. నా మొదటి టేబుల్‌కు రెండే ప్రాప్స్: డేటా, కాలమ్స్. అకౌంట్స్ స్క్రీన్‌కు అడుగున మొత్తం కావాలన్నారు, ఒక ప్రాప్ చేర్చాం. సరుకు తగ్గిన వరస ఎర్రగా కనబడాలని స్టాకు స్క్రీన్ వాళ్లు అడిగారు, ఇంకొకటి చేరింది. ఏడాది తిరిగేసరికి నలభై దాటాయి. ఏది ముట్టుకుంటే ఏ స్క్రీన్ చెడుతుందో తెలియక ఆ ఫైల్ తెరవడానికే అందరూ జంకేవాళ్లం.

నిజానికి సరుకు తగ్గిందో లేదో టేబుల్‌కు తెలియాల్సిన పనే లేదు. ఏ వరసకు ఏ క్లాస్ వేయాలో చెప్పే ఫంక్షన్‌ను స్క్రీన్ పంపితే చాలు. సెల్‌లో ఏం గీయాలో కాలమ్ డెఫినిషన్ చెబుతుంది. ఒకప్పుడు రియాక్ట్ టేబుల్ అని పిలిచిన టాన్‌స్టాక్ టేబుల్ అనే లైబ్రరీ ఈ దారిలో ఇంకా ముందుకు వెళ్లింది: సార్టింగ్, ఫిల్టర్లు, పేజీలు, సెలెక్షన్ లెక్కలన్నీ అది చూసుకుంటుంది, ట్యాగులు మాత్రం మనమే గీసుకోవాలి. సొంతంగా రాసుకున్నా ఆ విభజన పాటించండి. టేబుల్‌కు ఎంత తక్కువ తెలిస్తే అన్ని ఎక్కువ చోట్ల ఇముడుతుంది.

అపోహ: సార్టింగ్ ఒక్క లైన్ పని.

నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. పోలిక ఫంక్షన్ ఇవ్వకపోతే జావాస్క్రిప్ట్ సార్ట్ అంకెలనూ అక్షరాలుగానే చూసి 1, 10, 2 అని పేరుస్తుంది. అది టెస్టింగ్‌లో దొరికిపోతుంది. దొరకనిది వేరే ఉంది. సర్వర్ పేజీకి 50 వరసల చొప్పున పంపుతున్నప్పుడు బ్రౌజర్‌లో సార్ట్ చేస్తే ఆ 50 మాత్రమే సర్దుకుంటాయి. మేం చేసిన బాకీల స్క్రీన్‌లో దాన్ని వాడేవాళ్లు హెడర్ నొక్కి, పైన ఉన్నదే అన్నిటికంటే పెద్ద బాకీ అనుకుని ఫోన్లు చేస్తూ వచ్చారు. అసలు పెద్ద బాకీ ఏడో పేజీలో ఉంది.

అందుకే సార్ట్ చేసేది బ్రౌజరా, సర్వరా అన్నది టేబుల్‌కు స్పష్టంగా చెప్పాలి. సర్వరైతే "ఈ కాలమ్, ఈ దిశ" అని కబురు పంపడంతో టేబుల్ పని అయిపోతుంది. సర్వర్‌లోనూ తేదీ ఒక్కదాని మీదే సార్ట్ చేయకండి. ఒకే తేదీన చాలా ఆర్డర్లుంటే ఒకే ఆర్డరు రెండు పేజీల్లోనూ కనబడి, మరొకటి ఎక్కడా కనబడకుండా పోవచ్చు. తేదీ వెంట ఐడీని కూడా జోడించండి.

విలువ, దాని రూపం కాలమ్‌లో విడివిడిగా ఉండాలి. 125000 అన్న సంఖ్యను సార్ట్‌కు ఇచ్చి, తెర మీద 1,25,000 చూపించండి. మన లక్షల కామాలను బ్రౌజర్‌లోని నంబర్ ఫార్మాటరే ఇండియా లొకేల్‌తో వేసిపెడుతుంది. అంకెలను కుడివైపుకు జరిపి, సీఎస్ఎస్‌లో ట్యాబులర్ అంకెలు పెడితే, ఫాంట్‌లో ఆ సదుపాయం ఉన్నంతవరకు ఒకట్లు, పదులు నిలువునా ఒకే గీతలో నిలబడతాయి.

అపోహ: వరస నంబర్‌నే కీగా వాడితే సరిపోతుంది.

ఏ వరస ఏదో ప్రోగ్రామ్ గుర్తుపట్టడానికి ఇచ్చే గుర్తే కీ. అది వరస నంబరైతే, మూడో వరసకు టిక్ పెట్టి సార్ట్ నొక్కినప్పుడు టిక్ ఆ మూడో స్థానంలోనే ఉండిపోయి వేరే రికార్డుకు అంటుకుంటుంది. తర్వాత డిలీట్ నొక్కితే పోయేది ఎవరి రికార్డో ఊహించుకోండి. కీ ఎప్పుడూ రికార్డు ఐడీయే కావాలి.

అపోహ: టేబుల్ ట్యాగ్ పాతబడింది, డివ్‌లతో గీయాలి.

1990ల్లో పేజీ లేఅవుట్‌కు టేబుళ్లు వాడేవాళ్లు. వద్దన్నది ఆ వాడకాన్ని. డేటాకు టేబులే సరైన ట్యాగ్. చూపులేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో సెల్ నుంచి సెల్‌కు కదులుతుంటే ఏ కాలమ్‌లో ఉన్నారో అది చదివి చెబుతుంది. డివ్‌లతో గీస్తే ఏది హెడరో, ఏది సెల్లో స్క్రీన్ రీడర్‌కు చెప్పే రోల్స్ అన్నీ మనమే చేత్తో రాయాలి. హెడర్ సెల్‌కు స్కోప్, టేబుల్‌కు క్యాప్షన్, సార్ట్‌కు హెడర్ లోపల అసలైన బటన్, సార్ట్ అయిన కాలమ్‌కు ఏ దిశలో సర్దుకుందో స్క్రీన్ రీడర్‌కు చెప్పే aria-sort ఇవ్వండి. గ్రిడ్ రోల్ మాత్రం ఊరికే తగిలించకండి. అది ఉందంటే బాణం కీలతో సెల్స్ మధ్య తిరగొచ్చని మాట ఇచ్చినట్టే.

అపోహ: వర్చువలైజేషన్ ఉంటేనే టేబుల్ వేగం.

తెర మీద కనబడే వరసలను మాత్రమే గీయడమే వర్చువలైజేషన్. వేల వరసలను ఒకేసారి చూపాల్సినప్పుడు అది కావాలి. రెండు వందల వరసలకు అక్కర్లేదు. పైగా అది వాడితే తెర మీద లేని వరసలు పేజీలోనే ఉండవు కాబట్టి కంట్రోల్-ఎఫ్ వాటిని వెతకలేదు, ప్రింట్‌లోనూ రావు.

అపోహ: ఫోన్‌లో ప్రతి టేబుల్‌నీ కార్డులుగా మార్చాలి.

కార్డుల్లో రెండు వరసల ధరలను పక్కపక్కన పోల్చలేం. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని రాసిన 2018 నాటి డబ్ల్యుకాగ్ (WCAG) 2.1 మార్గదర్శకాల్లో, చిన్న తెరలో అడ్డంగా స్క్రోల్ చేయాల్సిన అవసరం రాకూడదనే రీఫ్లో నియమం కూడా డేటా టేబుళ్లకు అడ్డంగా స్క్రోల్ చేసే వెసులుబాటు ఇచ్చింది. స్క్రోల్ పేజీకి కాకుండా టేబుల్ చుట్టూ ఉన్న పెట్టెకే ఉండనివ్వండి, కీబోర్డుతోనూ అక్కడికి చేరగలగాలి. మొదటి కాలమ్‌ను స్టిక్కీ చేయండి, అంటే స్క్రోల్ చేసినా అది అక్కడే నిలబడాలి. సీఎస్ఎస్‌లో బోర్డర్లు కొలాప్స్‌లో (పక్క సెల్స్ గీతలు ఒకటైపోయే పద్ధతిలో) ఉంటే స్టిక్కీ సెల్ వెంట గీతలు కదలవు, సెపరేట్‌కు మార్చి స్పేసింగ్ సున్నా పెట్టండి.

అపోహ: వరసలు లేకపోతే "డేటా లేదు" అని రాస్తే చాలు.

డేటా ఇంకా వస్తూ ఉండొచ్చు, ఫిల్టర్‌కు ఏదీ సరిపోకపోవచ్చు, సర్వర్ విఫలమై ఉండొచ్చు, నిజంగానే ఏమీ లేకపోవచ్చు. నాలుగింటికీ వేర్వేరు మాటలు కావాలి. సర్వర్ పడిపోయిన పూట "బాకీలు లేవు" అని చూసిన మనిషి కంప్యూటర్ కట్టేసి ఇంటికి వెళ్లిపోతారు.