శిక్షకు ముందు అడిగే ఆ ఒక్క మాట

శ్రీకాకుళం కోర్టు అనే ఏముంది, ఏ జిల్లా కోర్టయినా అంతే. నేరం రుజువైందని చెప్పాక జడ్జిగారు బోనులోని మనిషిని అడుగుతారు: "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?" చాలాసార్లు వచ్చే జవాబూ ఒకటే. "బాబూ, ముసలమ్మ ఉంది, పిల్లలు చిన్నోళ్లు, దయచూడండి." స్టెనో రెండు లైన్లు రాసుకుంటాడు. అంతే.

అలా అడగడం కొత్తేగానీ, మనిషిని బట్టి శిక్ష మారడం పాతదే. మనుస్మృతి వర్ణాన్ని చూసి శిక్ష చెప్పింది. 1839లో తెల్లదొరలు గంజాం, విశాఖ జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టారు. అంటే కొండ మీద సవర గిరిజనుడికి ఒక న్యాయం, కింద రైతుకు ఇంకో న్యాయం. నేరస్థ తెగల చట్టమైతే పుట్టుకనే అనుమానించింది. అది 1952లోగానీ పోలేదు.

నేరం చేసిన మనిషి ఎవరో, ఎలా బతికాడో వినాలన్నది 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 235(2)గా వచ్చింది. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో అదే సెక్షన్ 258. 1973 కోడ్ అమల్లోకి రాకముందే, 1974 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్ పల్లె నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక మహిళ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఉరిని యావజ్జీవంగా మార్చారు. ఆమె చిన్న వయసు, మామ ఇంట్లోంచి తరిమేయడం, చేతిలో బిడ్డ, ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నారు. 1980లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఉరి కేసుల్లో నేరంతోపాటు నేరస్థుణ్ణీ చూడాలంది. అయినా 2016లో ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ లెక్క తీస్తే, ఉరిశిక్ష పడ్డ ఖైదీల్లో 74.1 శాతం ఆర్థికంగా చితికినవాళ్లే.

ఉరి కేసుల గురించి ఇంత చర్చ ఉంది. చిన్న దొంగతనాలు, కొట్లాటల సంగతి ఎవరికీ పట్టదు. అక్కడ పనికొచ్చేది, జైలుకు పంపకుండా మంచి నడవడి పూచీ మీద వదిలే 1958 ప్రొబేషన్ చట్టం. మంచి చట్టమే. కానీ అలా వదలాలంటే నిందితుడికో జామీనుదారుడికో స్థిరమైన ఇల్లయినా, నిలకడైన పనయినా ఉందని కోర్టు నమ్మాలి. మనది వలస జిల్లా. పలాస దగ్గర ఊరి నుంచి చెన్నైకి బిల్డింగ్ పనికెళ్లిన కుర్రాడికి అక్కడి గది మేస్త్రీ పేరు మీద ఉంటుంది, కూలి చేతికిస్తారు, రసీదు ఉండదు. ఊళ్లో ఇల్లేమో తాళమేసి ఉంటుంది.