‘జిన్నెకె’: తిట్టుగా పుట్టి ఊరేగింపు పేరైంది

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో మారోల్ అనే పాత పేట ఉంది. అక్కడ కొన్ని వీధుల పలకల మీద మూడు పేర్లు కనిపిస్తాయి. ఒకటి ఫ్రెంచిలో, ఒకటి డచ్‌లో. చట్టం అడిగేది ఈ రెండే. మూడోది బ్రస్సెలెర్ అనే స్థానిక యాసలో ఉంటుంది. డచ్ మాండలికంలోకి ఫ్రెంచి మాటలు ధారాళంగా కలిస్తే వచ్చిన యాస అది.

ఊరి హద్దులు మాత్రం మొదటి రెండు భాషల తగాదాలోనే పడ్డాయి. బెల్జియం ఉత్తరాన డచ్, దక్షిణాన ఫ్రెంచి. డచ్ నేల మీద ఉన్న రాజధాని మెల్లగా ఫ్రెంచిలోకి మారిపోయింది. 1932 చట్టం ప్రకారం జనగణన లెక్కను బట్టి మున్సిపాలిటీల భాషా హోదా మారేది. 1947 లెక్కలు ఎంత టెన్షన్ పెట్టాయంటే, అవి బయటికి రావడానికి 1954 దాకా పట్టింది. వాటితో ఇంకో మూడు మున్సిపాలిటీలు బ్రస్సెల్స్ ద్విభాషా ప్రాంతంలో కలిసి మొత్తం 19 అయ్యాయి. ‘మీరు మాట్లాడేది ఏ భాష?’ అని గుమాస్తా గుమ్మంలో అడిగిన ప్రతిసారీ హద్దు ఇంకాస్త జరుగుతుందని డచ్ మాట్లాడే ఫ్లెమిష్ వాళ్లకు భయం పట్టుకుంది. 1961లో ఆ ప్రశ్ననే ఎత్తేశారు. 1963లో హద్దును 19 దగ్గరే బిగించారు.

తమాషా ఏమిటంటే, ఆ మరుసటి ఏడాదే బెల్జియం కూలీల కోసం మొరాకోతో, టర్కీతో ఒప్పందాలు చేసుకుంది. యూరోపియన్ సంస్థల ఉద్యోగులు 1958 నుంచే వస్తున్నారు. ఇద్దరి కోసం కట్టిన ఇంట్లోకి మూడోవాడు కుటుంబంతో సహా దిగిపోయాడు. ఇప్పుడు 12 లక్షలు దాటిన జనాభాలో మూడో వంతుకు పైగా విదేశీ పౌరులే.

డచ్ మాట్లాడే ఉత్తరాది ఫ్లాండర్స్‌కు, ఫ్రెంచి మాట్లాడే దక్షిణాది వలోనియాకు 1980లోనే సొంత ప్రభుత్వాలు వచ్చాయి. బ్రస్సెల్స్‌కు 1989 దాకా రాలేదు. ఫ్లాండర్స్‌ది సింహం, వలోనియాది కోడిపుంజు. ఈ ఊరు 1991లో తన జెండా మీదికి బురదనేలల్లో పూసే పసుపుపచ్చ ఐరిస్‌ను తెచ్చుకుంది. బ్రస్సెల్స్ అన్న పేరు మూలంలోనే చిత్తడినేల ఉంది. సింహానికీ పుంజుకీ చెందని గుర్తు కావాలంటే అంతకన్నా మంచిది దొరకదు.

కానీ జనం నోట నానింది ఆ పువ్వు కాదు, కుక్క. ఒకప్పుడు సెన్ నదిలో ముంచి చంపే దిక్కులేని ఊరకుక్కను ‘జిన్నెకె’ అనేవారు. కలగాపులగం పుట్టుక మనుషుల మీద కూడా ఆ మాటే విసిరేవారు. 2000లో పేటల సంఘాలు, బడిపిల్లలు, కళాకారులు కలిసి చేసిన ఊరేగింపుకు ఏరికోరి ఆ పేరే పెట్టారు. దానిలో మోటారు బళ్లు ఉండవు, మైకులూ ఉండవు. ఏం మోయాలన్నా, ఎంత మోగించాలన్నా మనుషులే. ఈ ఊరేగింపు కోసం పేటలవాళ్లు నెలల తరబడి కలిసి కుట్లు, రంగులు, రిహార్సళ్లతో గడుపుతారు. ‘కలిసి ఉందాం’ అనే పోస్టర్లు చెయ్యలేని పని అక్కడ జరుగుతుందని నా నమ్మకం.

ఓటు దగ్గరికొస్తే కథ వేరు. యూరోపియన్ యూనియన్ పౌరులు 2000 నుంచి, మిగతా విదేశీయులు 2006 నుంచి మున్సిపల్ ఎన్నికల్లో ఓటేయొచ్చు. బెల్జియం పౌరసత్వం లేకపోతే ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా ప్రాంతీయ పార్లమెంటుకు వెయ్యలేరు. 2006 చివర వేలమంది నగరవాసులు ‘మేమున్నాం’ అంటూ ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. దేశ భవిష్యత్తును రెండు భాషల నాయకులే కూర్చుని పంచుకోవద్దన్నారు. ప్రాంతీయ పార్లమెంటులో మాత్రం 89 కుర్చీలూ నేటికీ ఫ్రెంచి 72, డచ్ 17గానే ఉన్నాయి. ఇంట్లో అరబ్బీ, వీధిలో ఫ్రెంచి, బడిలో డచ్ మాట్లాడే అభ్యర్థి నామినేషన్ వేసే రోజున ఏదో ఒక పక్క నిలబడాల్సిందే.