అరటిపండు మీద ఎవరికీ కోపం రాదు

విజయవాడ పటమట నుంచి ఒకావిడ అడిగారు: "మా బాబుకి నాలుగేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, కదలికలు సరిగా అదుపులో ఉండవు. మామూలు ప్రీస్కూల్లో వేద్దామనుకుంటున్నాం. మిగతా పిల్లలు ఆడించుకుంటారాండీ?" 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, అందులోని 21 వైకల్యాల జాబితా ఆవిడకి నాకంటే బాగా తెలుసు. అందుకని దాని జోలికి పోను.

ఆవిడ 'ఆడతారా' అనలేదు, 'ఆడించుకుంటారా' అన్నారు. దీనికి మన పిల్లల దగ్గర ఎప్పటినుంచో ఒక పదవి ఉంది: ఆటలో అరటిపండు. తమ్ముణ్ణి వదిలేసి వెళితే అమ్మ తిడుతుంది, తీసుకెళితే ఆట పాడవుతుంది. కాబట్టి వాడూ వస్తాడు, పరుగెడతాడు, కానీ ఔటవడు. పట్టుకున్నా దొంగ కాడు. ఆ సంగతి వాడికి తెలియకపోతే చాలు. మనమంతా ఏదో ఒక వేసవిలో అరటిపండ్లమే. మరుసటి ఏడాదికి మనకి ప్రమోషన్ వచ్చింది, అంతే. వైకల్యం ఉన్న పిల్లలకి మాత్రం ఆ పదవి పర్మనెంట్ అయిపోయే ప్రమాదం ఉంది. బువ్వాట ఆడేటప్పుడు గమనించండి. అలాంటి పాపకి ఎక్కువగా చంటిపిల్ల వేషమే దక్కుతుంది. ఎత్తుకుంటారు, ముద్దు చేస్తారు, ఉత్తుత్తి అన్నం తినిపిస్తారు. గరిటె మాత్రం చేతికివ్వరు.

అమెరికాలో మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు ప్రీస్కూలు పిల్లల్ని ఒక్కొక్కరినీ నిమిషం చొప్పున గమనించి, 1932లో వాళ్ల తీరుని ఆరు గడులుగా విడదీసింది. ఊరికే ఉండటం, ఒంటరిగా ఆడటం, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్లు ఆడటం, బొమ్మలు ఇచ్చిపుచ్చుకుంటూ ఆడటం, పాత్రలు పంచుకుని ఒకే ఆట ఆడటం. అరటిపండుకి ఇందులో గడి లేదు! దూరం నుంచి చూస్తే ఆరోదిలా కనిపిస్తాడు, దగ్గరికెళితే మూడోదానిలో ఉంటాడు.

అసలు చిక్కు ఆటలోకి దూరే చోట ఉంది. నేర్పుగా దూరే పిల్లలు "నేనూ రానా" అని అడగరు. అడిగితే "వద్దు" అనడం తేలిక కదా. కాసేపు చూసి, పక్కనే అదే పని మొదలుపెట్టి, సందు దొరగ్గానే కలిసిపోతారు. ఆ సందు ఎంతసేపు ఉంటుంది? పెద్దవాళ్ల సంభాషణని పది భాషల్లో కొలిస్తే, ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున 200 మిల్లీసెకన్ల దగ్గర తేలింది. అంటే సెకనులో అయిదోవంతు. పిల్లలు ఇంత చురుగ్గా ఉండరు, కానీ వాళ్ల ఆటా ఎవరికోసమూ ఆగదు. సెరిబ్రల్ పాల్సీలో మెదడు నుంచి కండరాలకు వెళ్లే ఆదేశాలు తడబడతాయి. మాట రావాలంటే ఊపిరి, నాలుక, పెదవులు ఒక వరసలో కదలాలి. చాలాసార్లు లోపల మాట సిద్ధంగానే ఉంటుంది. అది బయటికి వచ్చేసరికి ఆట ఇంకెక్కడికో వెళ్లిపోతుంది.

(కారణాలు నెలలు నిండకుండా పుట్టడం, పురిట్లో ఆక్సిజన్ అందకపోవడం, ముదిరిన పచ్చకామెర్లు, ఇన్ఫెక్షన్లు వంటివి. గ్రహణం నాడు తల్లి కూరగాయలు తరగడం కాదు. ఇది మళ్లీ రాయాల్సి రావడం విసుగే, కానీ పోయిన నెల కూడా విన్నాను.)

సత్యనారాయణపురంలో ఒక చిన్న ప్రీస్కూలుకి ఆరు గడుల కాగితం పట్టుకుని వెళ్లాను. అక్కడ రైలు పట్టాలు తీసేసి బస్సుల కోసం బీఆర్టీఎస్ రోడ్డు వేసి ఏళ్లయినా, పిల్లల ఆటలో రైలు పోలేదు. చొక్కాలు పట్టుకుని ఆరుగురు కూతపెడుతున్నారు. ఇలాంటి బాబే ఒకడు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. మూడో గడి. టీచరు "పాపం, వాణ్ణీ ఆడించుకోండర్రా" అనలేదు. ఎరుపొకటి, పచ్చదొకటి రెండు చేతిరుమాళ్లు తెచ్చి అతని ఒళ్లో పెట్టి, "స్టేషన్ మాస్టరు గారు జెండా ఊపందే బండి కదలదు" అంది. బిగుసుకుపోయిన చేయి పైకి లేవడానికి ఆరేడు సెకన్లు పట్టింది. రైలు ఆగింది. విజయవాడ ఔటర్లో బండి ఆగడం ఎవరికి కొత్త? ఇంతసేపూ అతని లోపంగా కనిపించిన ఆలస్యం ఇప్పుడు ఆటలో రూలు అయిపోయింది.

అందుకే ఆవిడకి నా సలహా: ర్యాంపు ఎలాగూ చూస్తారు, దాంతోపాటు ఆ బడిలో పిల్లలు ఇష్టమొచ్చినట్టు ఆడుకునే గంట ఉందో లేదో కూడా చూడండి. పొద్దస్తమానం అఆలు దిద్దించే చోట, వైకల్యం ఉన్నా లేకపోయినా, ఎవరూ ఎవరితోనూ ఆడరు.

వారం తర్వాత మళ్లీ వెళితే బండి తెనాలి బయలుదేరుతోంది. ఎర్ర రుమాలు లేచింది, ఎంతసేపటికీ దిగలేదు. ఈసారి చేయి సహకరించక కాదు. అయ్యగారు నవ్వుతున్నారు. ఇంజను పాపకి ఒళ్లు మండింది. "కావాలనే ఆపుతున్నాడు టీచర్! పో, నీతో కటీఫ్!" అని చెప్పులు టపటపలాడిస్తూ కుళాయి దగ్గరికి వెళ్లిపోయింది. సర్దిచెబుదామని టీచరు సగం లేచి, ఏమనుకుందో మళ్లీ కూర్చుంది. నేను ఆరో గడిలో ఒక గీత గీశాను.