చిన్నప్పటి గాయాలు, పెద్దయ్యాక చికిత్స: అపోహలు – వాస్తవాలు

అపోహ: మొక్కై వంగనిది మానై వంగదు. ముప్ఫై దాటాక ఇంకేం మారతాం?

వాస్తవం: మారతారు. పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత వదలకుండా వేధించే మానసిక సమస్య) ఉన్న పెద్దలకు ట్రామా, అంటే ఆ మానసిక గాయం మీద పనిచేసే సీబీటీని (ఆలోచనల్ని, ప్రవర్తనను మార్చే మాటల చికిత్స), ఈఎమ్‌డీఆర్‌ను (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ పాత జ్ఞాపకాల తీవ్రత తగ్గించే చికిత్స) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. మామూలుగా వారానికొకటి చొప్పున 8 నుంచి 12 సెషన్లు పడతాయి. ఏళ్ల తరబడి ఇంట్లోనే హింస పడ్డవాళ్లకు ఇంకా ఎక్కువ కావాలి. పీడకలలు, ఉలికిపాటుతో పాటు తనమీద తనకే సిగ్గు, అదుపు తప్పే కోపం, ఎవరికీ దగ్గర కాలేకపోవడం కూడా ఉంటే అది కాంప్లెక్స్ పీటీఎస్‌డీ కావచ్చు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీన్ని విడి జబ్బుగా చేర్చారు. ఇన్నాళ్లూ ‘నీ స్వభావమే అంత’ అనిపించుకున్నవాళ్లకు ఇది చిన్న సంగతేం కాదు.

అపోహ: జరిగిందంతా ఒక్కసారి చెప్పేసి, బాగా ఏడ్చేస్తే సరిపోతుంది.

వాస్తవం: మొదటిరోజే అన్నీ తవ్విస్తే నిద్ర చెడి, పీడకలలు పెరిగి, చికిత్సే మానేసే ప్రమాదముంది. పాత భయం గుర్తొచ్చినప్పుడు శరీరం అది ఇప్పుడే జరుగుతున్నట్టు స్పందిస్తుంది. గుండె దడదడలాడుతుంది, లేదా మనిషి మొద్దుబారిపోతారు. ఆ స్థితిలో ఎంత చెప్పినా మనసు కుదుటపడదు. అందుకే అమెరికన్ సైకియాట్రిస్టు జుడిత్ హెర్మన్ 1992లో వివరించిన వరుస ఇప్పటికీ పనికొస్తోంది: ముందు భద్రత, తర్వాత జ్ఞాపకాలు, ఆపైన మనుషులతో మళ్లీ కలవడం. భద్రత అంటే నిద్ర, తిండి, తాగుడు, ఇంట్లో ఇప్పటికీ హింస ఉందా అన్నవి ముందు చూసుకోవడం. అందరికీ ఇది నెలల తరబడి అక్కర్లేదు. కొందరితో రెండు మూడు సెషన్లకే జ్ఞాపకాల పని మొదలుపెట్టవచ్చు.

భయం ముంచుకొచ్చినప్పుడు పాదాలు నేలకు ఆనించండి. ఈరోజు తేదీ, మీ వయసు, ఎక్కడున్నారో పైకి చెప్పండి. కనిపించే 5 వస్తువులు, తాకగలిగే 4, వినిపించే 3 శబ్దాలు చెప్పండి. 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి. కళ్లు మూసుకోకండి, చాలామందికి అప్పుడే పాత దృశ్యాలు ఎక్కువవుతాయి. శ్వాసమీద ధ్యాస పెడితే ఆందోళన పెరిగేవాళ్లు అది వదిలేసి చన్నీళ్ల గ్లాసు పట్టుకోవాలి. మనసు బాగున్నప్పుడు రోజూ సాధన చేయకపోతే అవసరానికి ఇది గుర్తురాదు.

అపోహ: మా రోజుల్లో అందరం దెబ్బలు తిన్నవాళ్లమే, దానికి ట్రామా ఏమిటి?

వాస్తవం: అందరికీ తగిలినంత మాత్రాన దెబ్బ దెబ్బ కాకుండా పోదు. ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో జరిపి 2007లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన అధ్యయనంలో, ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు శారీరక హింసకు గురయ్యారని తేలింది.

అపోహ: కన్నవాళ్లను క్షమిస్తేనే కోలుకుంటారు.

వాస్తవం: క్షమించడం మీ ఇష్టం. అది చికిత్సలో తప్పనిసరి మెట్టు కాదు. క్షమించమని ఒత్తిడి చేసే కౌన్సెలర్‌ను మార్చుకోండి. పండక్కి వెళ్లినా రాత్రి అక్కడ ఉండకపోవడం, తిట్లు మొదలవగానే ఫోన్ పెట్టేయడం వంటి హద్దులు ముందే రాసి పెట్టుకోండి. మొదట్లో ఇంట్లోవాళ్ల కోపం పెరుగుతుంది. అంతమాత్రాన హద్దు పెట్టుకోవడం పొరపాటని కాదు.

అపోహ: గుర్తులేనివి హిప్నోసిస్‌తో బయటికి లాగాలి.

వాస్తవం: వద్దు. అలా జరగనివి కూడా జరిగినట్టు నాటుకుపోవచ్చు. అన్నీ గుర్తులేకపోయినా చికిత్స సాగుతుంది.

అపోహ: నిద్రమాత్ర చాలు.

వాస్తవం: ఆల్ప్రజోలమ్ లాంటివి ట్రామాను నయం చేయవు, పైగా వాటికి అలవాటుపడిపోతారు. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, సైకియాట్రిస్టు చెప్పినట్టు తగ్గించాలి. సెర్ట్రలిన్ వంటి డిప్రెషన్ మందులు కొందరికి ఉపయోగం, అయితే ప్రభావం కనిపించడానికి వారాలు పడుతుంది.

క్లినికల్ సైకాలజిస్టును ఎంచుకునేముందు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, ట్రామా చికిత్సలో శిక్షణ తీసుకున్నారా అని అడగండి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడవచ్చు.