రిమోట్ పలకకపోతే బండి స్టార్ట్ కాదా? కారు ఇమ్మొబిలైజర్: అపోహలు - వాస్తవాలు

"రిమోట్ నొక్కితే పలకట్లేదన్నా, బండి టోయింగ్ చేయించాలా?" విజయవాడ ఆటోనగర్‌లో కార్ల తాళాలు, ఎలక్ట్రికల్ పని చేసే నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. పిల్లలు ఎండలో నిలబడి ఉంటారు, పెళ్లికి టైమైపోతూ ఉంటుంది. ఆ టెన్షన్‌లో పక్కనున్నవాళ్లు ఏం చెబితే అది చేసేస్తారు. వైర్లు కోయించుకుని, అక్కర్లేని డబ్బు పోసి, చివరికి నా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. తాళం లోపల ఏముందో ముందే తెలిసి ఉంటే వాళ్లలో సగం మంది ఇంటి దగ్గరే పని ముగించుకునేవాళ్లు.

అపోహ: రిమోట్‌లో సెల్ అయిపోతే ఇంజిన్ స్టార్ట్ కాదు.

వాస్తవం: చేతిలో ఉన్న తాళం ఒకటే అయినా దాని లోపల రెండు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి రిమోట్. ఇది బటన్ సెల్ మీద నడుస్తుంది, మన దేశంలో ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ పంపి తలుపులు తీస్తుంది, వేస్తుంది. దాని పని అంతవరకే. రెండోది ఇమ్మొబిలైజర్ చిప్. ఇమ్మొబిలైజర్ అంటే సరైన తాళం లేకుండా ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే ఏర్పాటు. దీనికి సెల్ అక్కర్లేదు. తాళం పెట్టి తిప్పే బండ్లలో స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవర్ విప్పితే, తాళం పెట్టే గొట్టం చుట్టూ నల్లటి రింగు ఒకటి కనిపిస్తుంది. అందులో రాగి తీగ చుట్ట ఉంటుంది. మీరు కీ ఆన్ చేయగానే ఆ చుట్ట నుంచి 125 కిలోహెర్ట్జ్ దగ్గర, కొన్ని బండ్లలో 134 దగ్గర, సిగ్నల్ వస్తుంది. చిప్పు ఆ సిగ్నల్ నుంచే కరెంటు తీసుకుని తన కోడ్ తిరిగి చెబుతుంది. కోడ్ సరిపోతేనే ఇంజిన్ కంప్యూటర్ పెట్రోల్ వదులుతుంది. మీ అద్దం మీద ఉన్న ఫాస్టాగ్‌లో సెల్ లేకపోయినా టోల్‌గేట్ దగ్గర ఎలా పనిచేస్తోందో ఇదీ అలాగే. కాకపోతే దీని దూరం కొన్ని సెంటీమీటర్లే.

కాబట్టి రిమోట్ చచ్చిపోతే తాళం బ్లేడుతో, అంటే దాని ఇనుప భాగంతో, డ్రైవర్ తలుపు తీయండి, తాళం పెట్టి మామూలుగా స్టార్ట్ చేయండి. బ్లేడుతో తలుపు తీయగానే కొన్ని బండ్లలో అలారం మోగుతుంది. వీధంతా వినిపిస్తుంది, కంగారు పడొద్దు. తాళం పెట్టి ఆన్ చేస్తే చాలా బండ్లలో చిప్పును గుర్తుపట్టగానే ఆగిపోతుంది.

అపోహ: పుష్ బటన్ బండికి తాళం పెట్టే చోటే లేదు, సెల్ పోతే ఇక దారి లేదు.

వాస్తవం: దారి ఉంది, కంపెనీవాళ్లే పెట్టారు. స్మార్ట్ కీకి, అంటే పుష్ బటన్ బండితో వచ్చే రిమోట్‌కు, పక్కన చిన్న మీట ఉంటుంది, అది లాగితే లోపలి నుంచి ఇనుప తాళం బయటికి వస్తుంది. డ్రైవర్ తలుపు హ్యాండిల్ దగ్గర తాళం రంధ్రం ఉంటుంది. కొన్ని మోడళ్లలో ప్లాస్టిక్ మూత కింద దాగి ఉంటుంది, అందుకే లేదనుకుంటారు.

లోపల కూర్చున్నాక సంగతి బండిని బట్టి మారుతుంది. హ్యుందాయ్, కియా బండ్లలో వేలితో కాకుండా స్మార్ట్ కీతోనే స్టార్ట్ బటన్ నొక్కాలి. మారుతిలో రిమోట్‌ను బటన్‌కు ఆనించాలి. టయోటాలో లోగో ఉన్న వైపు బటన్‌కు తాకించాలి. మరికొన్ని బండ్లలో కప్ హోల్డర్ అడుగునో, స్టీరింగ్ కాలమ్ పక్కనో దీనికోసం ఒక చోటు ఉంటుంది. ఆటోమేటిక్ అయితే బ్రేకు, మాన్యువల్ అయితే క్లచ్ తొక్కి ఉంచడం మరవొద్దు. మీ బండి పుస్తకంలో ఈ పేజీ తప్పకుండా ఉంటుంది. ఈ రోజే తీసి ఫోన్లో ఫొటో తీసుకోండి. గ్లవ్ బాక్స్‌లో ఉన్న పుస్తకం, తలుపు తెరుచుకోనప్పుడు దేనికీ పనికిరాదు.

అపోహ: సెల్ అంటే ఏదైనా ఒకటే.

వాస్తవం: సెల్ మీద ఉన్న నంబరే దాని కొలత. సీఆర్ 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. 2025 కూడా అంతే వెడల్పు, కానీ మందం 2.5. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 2032 ఉండాల్సిన చోట 2025 పెడితే వదులై, ఒకసారి పనిచేసి ఒకసారి మానేస్తుంది. తీసేముందు ప్లస్ గుర్తు ఎటువైపు ఉందో చూసుకోండి. సెల్ మార్చినా పలకకపోతే, తాళం పెట్టి ఒకసారి ఆన్ చేసి చూడండి. రిమోట్ ప్రతి నొక్కుకీ కొత్త కోడ్ పంపుతుంది. పిల్లలు దూరంగా కూర్చుని బటన్లతో ఆడుకుంటే రిమోట్ లెక్క ముందుకు వెళ్లిపోయి బండి వెనకబడుతుంది. తాళం పెట్టి ఆన్ చేస్తే చాలా బండ్లలో రెండూ మళ్లీ కలుస్తాయి.

పాత సెల్ మాత్రం టేబుల్ మీద వదిలేయకండి. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: స్టార్ట్ కాలేదంటే ఇమ్మొబిలైజర్ పోయినట్టే.

వాస్తవం: నేను చూసే కేసుల్లో ఎక్కువసార్లు దోషం కారు బ్యాటరీదే. తేడా కనిపెట్టడం కష్టం కాదు. కీ ఆన్ చేసి డ్యాష్‌బోర్డు చూడండి. కారు మీద తాళం గుర్తు వెలిగి రెండు మూడు సెకన్లలో ఆరిపోతే, బండి తాళాన్ని గుర్తుపట్టిందనే అర్థం. ఆరకుండా మిణుకుతుంటే గుర్తుపట్టలేదని. అలాంటప్పుడు కొన్ని బండ్లలో సెల్ఫ్ బాగానే తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు, కొన్నింటిలో అందుకుని సెకనులో ఆగిపోతుంది, కొన్నింటిలో సెల్ఫే తిరగదు. లైట్లు మసకబారి టక్ టక్ మని శబ్దం వస్తే మాత్రం ముందు బ్యాటరీ చూపించండి. నిండా చార్జైన బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. 12కి దిగిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. వోల్టేజీ బాగా పడిపోతే ఇమ్మొబిలైజర్ కూడా తడబడుతుంది, అప్పుడు నేరం దాని మీద పడుతుంది.

నిజంగానే గుర్తుపట్టకపోతే మొదట తాళాల గుత్తి చూడండి. రెండు కార్ల తాళాలు ఒకే రింగుకు వేసుకునేవాళ్లు చాలామంది. రెండు చిప్పులూ ఒకేసారి జవాబిస్తే బండికి ఏదీ అర్థం కాదు. పెద్ద ఇనుప రింగు తాళం తలకు ఆనుకుని ఉన్నా ఇబ్బందే. తాళం ఒక్కటే విడిగా తీసి ప్రయత్నించండి. కాకపోతే స్పేర్ కీ తెప్పించండి. స్పేర్‌తో స్టార్టైతే దోషం తాళంలో ఉంది. స్పేర్‌తో కూడా కాకపోతే రింగు, వైరింగు, కంప్యూటర్ చూడాలి. ఈ ఒక్క పరీక్ష చేసి ఫోన్ చేస్తే మాకు సగం పని తగ్గుతుంది, మీకు సగం ఖర్చు తగ్గుతుంది.

అపోహ: బ్యాటరీ వైరు తీసి పది నిమిషాలు ఉంచితే ఇమ్మొబిలైజర్ రీసెట్ అవుతుంది.

వాస్తవం: అవదు. తాళాల వివరాలు కరెంటు లేకపోయినా చెరగని మెమరీలో ఉంటాయి. వైరు తీస్తే చెరిగిపోయేదే అయితే దొంగకు పది నిమిషాల పనేగా! అదే కారణానికి బండిని తోసినా ప్రయోజనం లేదు. చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతాయి కానీ పెట్రోల్ రాదు.

అపోహ: పార్కింగ్‌లో ఎర్ర లైటు మిణుకుతోందంటే ఏదో తేడా ఉంది, బ్యాటరీ దిగిపోతుంది.

వాస్తవం: లాక్ చేశాక మిణుకుమనడం దాని పని. అది వాడే కరెంటు చాలా తక్కువ.

అపోహ: రిమోట్ షెల్ (పై ప్లాస్టిక్ కవర్) మార్చాక స్టార్ట్ కాలేదు, ప్రోగ్రామింగ్ పోయింది.

వాస్తవం: ప్రోగ్రామింగ్ ఎక్కడికీ పోదు. పాత షెల్ పారేశారా లేదా, ముందు అది చెప్పండి. చాలా తాళాల్లో చిప్పు రిమోట్ బోర్డు మీద ఉండదు. సుమారు 12 మిల్లీమీటర్ల పొడవున్న నల్లటి ముక్క, షెల్ గోడలో చిన్న గాడిలో విడిగా ఇరికించి ఉంటుంది. ఆన్‌లైన్‌లో షెల్ తెప్పించుకుని ఇంట్లో మార్చేవాళ్లు బోర్డు, సెల్, బ్లేడు మార్చి, ఆ ముక్కను పాత షెల్‌లోనే వదిలేస్తారు. తలుపులు చక్కగా తెరుచుకుంటాయి, ఇంజిన్ మాత్రం అందుకోదు. చెత్తబుట్టలోంచి పాత షెల్ వెతికి తెస్తే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. దొరక్కపోతే కొత్త చిప్పు రాయాలి, దానికి ఖర్చవుతుంది.

అపోహ: తాళం నీళ్లలో పడితే బియ్యం డబ్బాలో పెట్టాలి.

వాస్తవం: బియ్యం పిండి, దుమ్ము లోపలికి చేరడం తప్ప లాభం లేదు. వెంటనే విప్పి సెల్ తీసేయండి, మెత్తని గుడ్డతో అద్ది, గాలి తగిలే నీడలో ఒక రోజు ఆరనివ్వండి. రిమోట్ బోర్డు పాడైనా, విడి చిప్పు ఉన్న తాళాల్లో అది పూర్తిగా సీల్ చేసి ఉంటుంది కాబట్టి వాషింగ్ మెషీన్‌లో తిరిగి వచ్చినా ఎక్కువసార్లు బతికే ఉంటుంది.

అపోహ: ఈ గొడవంతా ఎందుకు, ఇమ్మొబిలైజర్ తీసేయిస్తే పోతుంది.

వాస్తవం: దయచేసి ఈ పని చేయించకండి. కొందరు చిప్పును స్టీరింగ్ కవర్ లోపల రింగు పక్కనే అతికించేస్తారు, కొందరు ఇంజిన్ కంప్యూటర్‌లోనే దాన్ని ఆపేస్తారు. ఆ తర్వాత ఏ బ్లేడు కోసి తెచ్చినా బండి కదిలిపోతుంది.

ఇమ్మొబిలైజర్ లేకపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. అక్కడ 2011 నుంచి అమ్మిన హ్యుందాయ్, కియా బండ్లలో తాళం తిప్పి స్టార్ట్ చేసే మోడళ్లు చాలావాటికి ఇమ్మొబిలైజర్ పెట్టలేదు. తాళం గొట్టం ఊడదీసి యూఎస్‌బీ వైరు కొనతో తిప్పే వీడియోలు 2021, 2022లో పాకిపోయాయి. కుర్రాళ్లు బండ్లు ఎత్తుకుపోయి ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. పక్కనే ఉన్న కెనడాలో 2007 నుంచి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి కాబట్టి అక్కడి బండ్లకు ఈ బెడద రాలేదు. యూరప్‌లో ఆ నిబంధన 1998 నుంచే ఉంది.

అలాగని ఇది ఛేదించలేనిదేమీ కాదు. కార్లలో ఎక్కువగా వాడిన హైటాగ్ 2 చిప్పు బలహీనతలను పరిశోధకులు 2012లోనే బయటపెట్టారు. అందుకే నేను గేర్ లాక్ కూడా వేయించమంటాను. ఇంకో సంగతి, బండి దొంగతనమైతే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు రెండు ఒరిజినల్ తాళాలూ అడుగుతాయి. వాటిలో ఒకదాని చిప్పు బండిలో అతికించి ఉంటే ఏం చూపిస్తారు?

అపోహ: తాళం పోతే రోడ్డు పక్కన డూప్లికేట్ చేయిస్తే చాలు.

వాస్తవం: బ్లేడు కోస్తే తలుపు తెరుచుకుంటుంది. ఇంజిన్ స్టార్ట్ కావాలంటే చిప్పును బండికి పరిచయం చేయాలి, దానికి స్కానర్, చాలా బండ్లకు సెక్యూరిటీ పిన్ కావాలి. షోరూంలోనే చేయించాలన్న రూలేమీ లేదు, పని తెలిసిన తాళాల షాపులు కూడా చేస్తాయి. ఎక్కడ చేయించినా ఆర్సీ, మీ గుర్తింపు కార్డు అడిగితే కోప్పడకండి. అడగనివాళ్ల దగ్గరే జాగ్రత్త పడాలి.

కొత్త బండితో తాళం నంబరున్న చిన్న ట్యాగ్ ఇస్తారు. దాన్ని గుత్తికే వేలాడదీస్తే గుత్తితోపాటే పోతుంది, ఇంట్లో బీరువాలో పెట్టండి. పాత బండి కొంటుంటే ఆ ట్యాగ్, రెండు తాళాలు అడిగి తీసుకోండి, రెండింటితోనూ స్టార్ట్ చేసి చూడండి. ఒక్క తాళమే మిగిలితే రెండోది ఇప్పుడే చేయించండి. ఉన్న తాళం చేతిలో ఉండగా ఇంకోటి చేయడం తేలిక. అన్నీ పోయాక చేయడం కష్టం, ఖర్చు కూడా చాలా ఎక్కువ.

తాళం నిజంగా పోతే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి, పాలసీలో కీ రీప్లేస్‌మెంట్ కవర్ ఉందేమో చూసుకోండి. కొత్త తాళం రాయించేటప్పుడు ఇంట్లో ఉన్న మిగతా తాళాలన్నీ తీసుకెళ్లండి. చాలా బండ్లలో పాత జాబితా మొత్తం చెరిపి ఒకేసారి మళ్లీ రాయాలి. ఆ పూట అక్కడ లేని తాళం తర్వాత పనిచేయదు. పోయిన తాళం కూడా అలాగే రద్దవుతుంది, అది దొరికినవాడు ఇంజిన్ స్టార్ట్ చేయలేడు. కానీ దాని బ్లేడు మీ తలుపును ఇంకా తీస్తుంది. తలుపు లాక్ మార్పించేదాకా ఆర్సీ, ల్యాప్‌టాప్, డబ్బు ఏదీ కార్లో వదలకండి.