ఎంఎస్‌టీపీ, వీల్యాన్ గుంపులు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు కాలేజీలకు, ఆసుపత్రులకు నెట్‌వర్క్‌లు వేస్తుంటాను. తుపానొస్తే ఇక్కడ చెట్లు పడతాయి, కేబుళ్లు తెగుతాయి. అందుకే ప్రతి బ్లాకుకీ రెండు దారుల్లో ఫైబర్ లాగుతాం. రెండు దారులుంటే లూప్ (డేటా ఆగకుండా గుండ్రంగా తిరగడం) భయం ఉంటుంది కనుక, అదనపు దారిని మూసి ఉంచే స్పానింగ్ ట్రీ తప్పదు. వీల్యాన్లను (ఒకే తీగల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లను) గుంపులు చేసి, ఒక్కో గుంపుకి ఒక్కో దారి తెరిచి ఆ రెండు దారులనూ పనిలో పెట్టే స్పానింగ్ ట్రీ రకమే ఎంఎస్‌టీపీ. ఇందులో ఒక్కో గుంపునీ ఇన్‌స్టెన్స్ అంటారు.

అపోహ: ఎన్ని వీల్యాన్లుంటే అన్ని ఇన్‌స్టెన్సులు కావాలి.
వాస్తవం: అక్కర్లేదు. దారులు రెండైతే ఇన్‌స్టెన్సులు రెండు చాలు. ఏ గుంపులోనూ చేర్చని వీల్యాన్లు 0వ ఇన్‌స్టెన్స్‌లో ఉంటాయి.

అపోహ: రీజియన్ (ఒకే ఎంఎస్‌టీపీ సెట్టింగులున్న స్విచ్‌ల సమూహం) పేరు ఎలా రాసినా ఫర్వాలేదు.
వాస్తవం: పేరు, రివిజన్ నంబరు, ఏ వీల్యాన్ ఏ ఇన్‌స్టెన్స్‌లో ఉందో చెప్పే పట్టిక ఈ మూడూ అన్ని స్విచ్‌లలో అచ్చు గుద్దినట్టు ఉండాలి. విజయనగరంలో ఒక కాలేజీ హాస్టల్‌లో రాత్రి ఎనిమిదయ్యేసరికి వైఫై నత్తనడక నడిచేది, సీసీ కెమెరాల బొమ్మ ఆగిపోయేది. నెట్ మాత్రం ఎప్పుడూ పోలేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. వెళ్లి చూస్తే ఒక ఫైబర్ కిక్కిరిసి ఉంది, రెండోది ఖాళీ. హాస్టల్ స్విచ్‌లో రీజియన్ పేరు చిన్న అక్షరాల్లో ఉంది, మిగతా అన్నిట్లో పెద్ద అక్షరాల్లో. దాంతో ఆ స్విచ్ వేరే రీజియన్ అయిపోయింది. రీజియన్ సరిహద్దులో పోర్టు మూసుకుంటే అన్ని వీల్యాన్లకూ ఒకేసారి మూసుకుంటుంది. పేరు దిద్దాక రెండో ఫైబర్ లైటు గబగబా మిణుకుమనడం మొదలుపెట్టింది. ఆ కుర్రాళ్లు ఎన్నాళ్లు ఇబ్బంది పడ్డారోనని ఇప్పటికీ బాధే.

పట్టికలను వరస వరసా పోల్చక్కర్లేదు. స్విచ్‌లు ఒకదానికొకటి పంపుకునేది పట్టిక కాదు, దాని నుంచి లెక్కకట్టిన 16 బైట్ల డైజెస్ట్. అది అన్నిటా ఒకటే ఉందా చూడండి. పేరు, రివిజన్ మాత్రం విడిగా సరిచూసుకోవాలి.

అపోహ: రూట్‌ని (దారులన్నీ దేన్నుంచి లెక్కవేస్తారో ఆ స్విచ్‌ని) స్విచ్‌లే ఎంచుకుంటాయి, మనకెందుకు?
వాస్తవం: అన్నిటికీ ప్రయారిటీ మార్చకుండా 32768గానే ఉంటే తక్కువ మ్యాక్ అడ్రస్ (స్విచ్ హార్డ్‌వేర్ నంబరు) ఉన్నదే గెలుస్తుంది. తరచూ అది మూలనున్న పాత స్విచ్. ఒక్కో ఇన్‌స్టెన్స్‌కి రూట్ మీరే పెట్టండి.

అపోహ: ట్రంక్‌లో (చాలా వీల్యాన్లను మోసే లింకులో) వీల్యాన్ తీసేస్తే స్పానింగ్ ట్రీ సర్దుకుంటుంది.
వాస్తవం: సర్దుకోదు. అది ట్రంక్‌లో అనుమతించిన జాబితా చూడదు. తెరిచి ఉన్న దారిలో మీరు వీల్యాన్ తీసేసి, రెండో దారి ఆ ఇన్‌స్టెన్స్‌కి బ్లాక్ అయి ఉంటే ఆ వీల్యాన్‌కి ఏ దారీ మిగలదు.

పట్టిక మార్చిన ప్రతిసారీ, అన్ని స్విచ్‌లూ మారేదాకా రీజియన్ ముక్కలవుతుంది. అందుకే ఇంకా పుట్టని వీల్యాన్లను కూడా మొదటి రోజే గుంపుల్లో చేర్చేస్తాను.